ఏడాది గ్యారంటీ ముగిసిందంటున్న బిల్డర్: పైకప్పు ఉరుస్తున్న ఫ్లాట్‌కు ఫిర్యాదు ఎలా చేయాలి?

ప్రశ్న: హైదరాబాద్‌లో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తు ఫ్లాట్ కొన్నాము. ప్రాజెక్టుకు రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నమోదు ఉంది. 2022 నవంబరులో తాళాలు ఇచ్చారు. 2025 వానాకాలంలో మొదటిసారి హాలు పైకప్పు ఉరవడం మొదలై, ప్లాస్టరింగ్ పెచ్చులుగా ఊడిపోతోంది. స్నానాల గదిలోని నీరు పక్క గది గోడలోకి దిగుతోంది. ఫోన్ చేసినా, వాట్సాప్‌లో ఫోటోలు పంపినా, ఒప్పందంలో రాసిన ఏడాది గ్యారంటీ ముగిసిందనీ, టెర్రస్ సంగతి అసోసియేషన్ చూసుకోవాలనీ బిల్డర్ అంటున్నారు. మాకు దారి ఏమిటి?

జవాబు: ఒప్పందంలో ఏడాది అని రాసి, దానిపై మీరు సంతకం చేసి ఉన్నప్పటికీ, చట్టం మీకు ఇచ్చిన గడువును ఆ వాక్యం తగ్గించలేదు. 2016 నాటి రెరా చట్టం సెక్షన్ 14(3) ప్రకారం, స్వాధీనం ఇచ్చిన తేదీ నుంచి 5 సంవత్సరాల లోపు నిర్మాణ లోపాన్ని గానీ, పనితనంలో, నాణ్యతలో, సదుపాయాలలో మరే లోపాన్ని గానీ కొనుగోలుదారు బిల్డర్ దృష్టికి తెస్తే, అదనంగా ఏమీ వసూలు చేయకుండా 30 రోజులలో దానిని సరిచేయవలసిన బాధ్యత బిల్డర్‌దే. సరిచేయకపోతే తగిన నష్టపరిహారం పొందే హక్కు మీకు ఉంటుంది. పిల్లర్లకు, బీములకు మాత్రమే ఈ 5 సంవత్సరాలు వర్తిస్తాయని కొందరు బిల్డర్లు నమ్మబలుకుతారు. అది నిజం కాదు. వాటర్‌ప్రూఫింగ్ సరిగా చేయకపోవడం పనితనంలోని లోపమే.

మీ విషయంలో ఆ గడువు 2027 నవంబరు వరకు ఉంది. అయితే లోపాన్ని బిల్డర్ దృష్టికి తెచ్చినట్లు రుజువు చూపవలసింది మీరే. ఫిర్యాదు కాగితం మీదే ఉండాలని చట్టం చెప్పలేదు కానీ, ఫోన్‌లో అన్న మాటకు సాక్ష్యం ఉండదు, సైట్ ఇంజినీరుకు చెప్పినది సంస్థకు చెప్పినట్లు కాదని తరువాత వాదించవచ్చు. అందుచేత ఈ వారంలోనే ఒక లేఖ రాసి, ఒప్పందంలో ఉన్న బిల్డర్ చిరునామాకు స్పీడ్ పోస్టులో పంపి, అదే ప్రతిని ఈమెయిల్‌లో కూడా పంపండి. పోస్టు రసీదును, అందినట్లు చూపే ట్రాకింగ్ కాగితాన్ని దాచుకోండి. మీరు ఇంతకుముందు పంపిన వాట్సాప్ సందేశాలను తొలగించవద్దు. భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద ధ్రువపత్రం జతచేసి వాటిని సాక్ష్యంగా దాఖలు చేయవచ్చు.

ఆ లేఖలో ఆవేశం అక్కరలేదు, వివరం కావాలి. ఫ్లాట్ నంబరు, రెరా నమోదు సంఖ్య, అమ్మకపు ఒప్పందం, విక్రయ దస్తావేజు, స్వాధీనం తేదీలు రాసిన తరువాత, ప్రతి లోపాన్ని విడిగా, ఏ గదిలో, ఏ గోడకు, ఎంత మేర, మొదట ఎప్పుడు కనిపించిందో రాయండి. "ఇల్లంతా లీకేజీలే" అని రాస్తే, ఒకచోట పుట్టీ రాసి రంగు వేసి, సరిచేశామని బిల్డర్ జవాబు ఇవ్వగలరు. సెక్షన్ 14(3)ను పేర్కొని, లేఖ అందిన 30 రోజులలో సొంత ఖర్చుతో, నీరు దిగుతున్న మూలాన్నే సరిచేయాలని కోరండి. వీలైతే స్వతంత్ర స్ట్రక్చరల్ ఇంజినీరుతో పరిశీలన చేయించి, ఆ నివేదికను జతపరచండి. దానికయ్యే ఖర్చుకు వెనుకాడవద్దని నా సలహా. ఎందుకంటే, మీరు చేయించుకున్న మార్పుల వల్లనే లీకేజీ వచ్చిందన్న వాదన ఇటువంటి కేసులలో దాదాపు తప్పకుండా వస్తుంది; గీజరు పైపులు, టైల్స్ మార్చి ఉంటే ఆ సంగతి ఇంజినీరుకు దాచకుండా చెప్పండి.

టెర్రస్ ఉమ్మడి ప్రదేశమే. అయినా దాని నిర్వహణ అసోసియేషన్‌కు అప్పగించినంత మాత్రాన, కట్టినప్పుడే ఉన్న లోపం అసోసియేషన్ బాధ్యత అయిపోదు. సెక్షన్ 31 కింద అసోసియేషన్ కూడా ఫిర్యాదు చేయవచ్చు కాబట్టి, వారి చేత వేరుగా ఒక లేఖ రాయించడం మంచిది. మన ప్రాంతంలో చాలా అపార్ట్‌మెంట్లు స్థల యజమానితో డెవలప్‌మెంట్ అగ్రిమెంటు (యజమాని స్థలం ఇస్తే బిల్డర్ కట్టి, ఫ్లాట్లను ఇద్దరూ పంచుకునే ఒప్పందం) మీద కట్టినవే. మీ ఫ్లాట్ స్థల యజమాని వాటాలోనిదైతే, కట్టినవారు, అమ్మినవారు ఇద్దరూ చట్టం దృష్టిలో ప్రమోటర్లుగా ఉమ్మడి బాధ్యులు కనుక, లేఖను ఇద్దరికీ పంపండి.

30 రోజులు గడిచినా కదలిక లేకపోతే, మరమ్మతు చేయించమని ఆదేశం కోరుతూ తెలంగాణ రెరా అథారిటీకి, నష్టపరిహారం కోసం అడ్జుడికేటింగ్ ఆఫీసర్‌కు విడివిడిగా దరఖాస్తు చేయాలి. నష్టపరిహారం నిర్ణయించే అధికారం ఆ అధికారికే ఉందని 2021 నవంబరులో న్యూటెక్ ప్రమోటర్స్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే మార్గం కూడా తెరిచే ఉందని అదే న్యాయస్థానం 2020లో ఇంపీరియా స్ట్రక్చర్స్ కేసులో చెప్పింది. మీరు చెల్లించిన ధర 50 లక్షల వరకైతే జిల్లా కమిషన్, ఆపైన 2 కోట్ల వరకు రాష్ట్ర కమిషన్. కానీ అక్కడ గడువు వేరు. వివాద కారణం తలెత్తిన నాటి నుంచి 2 సంవత్సరాలే. 2025 వానాకాలం నుంచి లెక్కిస్తే, ఆ తలుపు 2027 వానాకాలానికి, అంటే రెరా కింది 5 సంవత్సరాలకన్నా ముందే మూసుకుపోతుంది. ఒకే ఉపశమనం కోసం రెండు చోట్లా కేసు నడపడం తగదు కనుక, ఏదో ఒకటి ఎంచుకోండి. ముందుగా మరమ్మతే మీ కోరిక అయితే రెరా మార్గమే మీకు అనువైనదని నా అభిప్రాయం.

లేఖ అందాక బిల్డర్ మనుషులను పంపితే అడ్డుకోవద్దు. మరమ్మతుకు అవకాశమే ఇవ్వలేదన్న మాట మీపైకి రాకూడదు. పనికి ముందూ తరువాతా తేదీ కనిపించేలా ఫోటోలు తీయండి. పని పూర్తికాగానే "సంతృప్తికరంగా జరిగింది" అన్న కాగితం మీద సంతకం అడిగితే పెట్టకండి. ఫలానా తేదీన ఫలానా పని జరిగిందని, ఫలితం ఒక వానాకాలం గడిచాక తెలుస్తుందని మీ చేత్తో రాసి సంతకం చేసి, దాని నకలు తీసుకోండి.