హంగేరీ వలసదారులు నిలదొక్కుకున్నారు, ఆఫ్రికన్ అమెరికన్లు ఎందుకు వెనకబడ్డారు? క్లీవ్‌లాండ్ నుంచి నా జవాబు

మీ ప్రశ్న ఇది: "హంగేరీ నుంచి వచ్చినవాళ్లు కూడా చేతిలో చిల్లిగవ్వ లేకుండానే అమెరికా వచ్చారు. భాష రాదు, చదువు లేదు, గనుల్లో, ఫౌండ్రీల్లో పనిచేశారు. అయినా మూడు తరాల్లో మధ్యతరగతి అయిపోయారు. ఆఫ్రికా మూలాలున్నవాళ్లు అంతకంటే ఎంతో ముందు నుంచీ అక్కడే ఉన్నారు. మరి వాళ్లెందుకు కాలేకపోయారు? సంస్కృతిలో తేడా ఏమైనా ఉందా?"

సంస్కృతి కాదని నా గట్టి నమ్మకం. కష్టపడి సంపాదించింది చేతిలో నిలిచిందా, పిల్లలకు అందిందా అన్న దగ్గరే అసలు తేడా వచ్చింది. నేను చాలా ఏళ్లుగా ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్ దగ్గర ఉంటున్నాను, ఒక ఆసుపత్రి ఐటీ విభాగంలో పని. మీరు పోల్చిన రెండు సమూహాలూ ఈ ఊళ్లో ఒకే వీధిలో, ఒకరి తర్వాత ఒకరు బతికారు. ఆ వీధి పేరు బకై రోడ్.

ముందు హంగేరియన్ల సంగతి. 1880ల నుంచి వాళ్లు ఇక్కడి ఫౌండ్రీలకు, ఉక్కు మిల్లులకు రావడం మొదలుపెట్టారు. బకై రోడ్ చుట్టుపక్కల పేట అమెరికాలోకెల్లా పెద్ద హంగేరియన్ పేటల్లో ఒకటిగా ఎదిగింది. 1891లో హంగేరియన్ భాషలో పత్రిక పెట్టుకున్నారు. 1892లో సెయింట్ ఎలిజబెత్ చర్చి ఏర్పడింది, అమెరికాలో హంగేరియన్ క్యాథలిక్కుల మొదటి చర్చి అదే. 1902లో ఊళ్లో హంగేరీ స్వాతంత్ర్య పోరాట నాయకుడు కోషూత్ విగ్రహం నిలబెట్టారు. పెన్సిల్వేనియా గని కార్మికులు 1886లోనే చావు ఖర్చులకూ జబ్బు ఖర్చులకూ ఆదుకునే సహాయ సంఘం పెట్టుకున్నారు. ఒకరినొకరు పట్టుకుని పైకొచ్చారన్న మాట నిజమే.

వాళ్లకు సుఖంగా జరిగిందని కూడా ఎవరూ అనుకోవద్దు. 1907 డిసెంబరులో పెన్సిల్వేనియాలో డార్ గని పేలి 239 మంది చనిపోతే, అందులో హంగేరీ నుంచి వచ్చినవాళ్లు చాలామంది. తక్కువ జాతి జనం అంటూ వాళ్లను తీసిపారేసిన పెద్దమనుషులే 1924లో వలస చట్టం తెచ్చి, హంగేరీకి ఏడాదికి 473 వీసాలు చాలన్నారు.

కానీ ఒక్క విషయం గమనించండి. లోపలికి వచ్చిన హంగేరియన్‌కు చట్టం దృష్టిలో తెల్లవాడి హోదా ఉంది. కొన్నేళ్లు ఉంటే పౌరసత్వం వచ్చేది, ఓటు వచ్చేది, ఎక్కడ కావాలంటే అక్కడ ఇల్లు కొనుక్కోవచ్చు. ఇది ఎంత పెద్ద విషయమో మన తెలుగువాళ్లకు తెలియాలి. 1923లో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు తెల్లవాళ్లు కారని తీర్పు చెప్పి పౌరసత్వం తలుపు మూసేసింది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డ్‌లో అంతటి పరిశోధన చేసినా, 1946లో చట్టం మారేదాకా ఈ దేశ పౌరుడయ్యే అవకాశమే ఆయనకు లేదు.

ఇక ఆఫ్రికన్ అమెరికన్లు. వాళ్లను వలసదారులు అనడమే నాకు ఇబ్బందిగా ఉంటుంది, ఎందుకంటే వాళ్ల ముత్తాతలను గొలుసులు వేసి తెచ్చారు. అయితే క్లీవ్‌లాండ్ వరకూ చూస్తే వాళ్లు నిజంగానే వలస వచ్చారు, అలబామా నుంచి, జార్జియా నుంచి, రైలెక్కి. 1910లో ఈ ఊళ్లో నల్లజాతివాళ్లు 8,500 మంది లోపే. 1930 నాటికి 70 వేలు దాటారు. తర్వాత ఒలింపిక్స్‌లో నాలుగు బంగారు పతకాలు తెచ్చిన జెస్సీ ఓవెన్స్ కుటుంబం కూడా అలా అలబామా నుంచి వచ్చినదే. హంగేరియన్లు వెతుక్కుంటూ వచ్చిన ఉక్కు మిల్లుల కోసమే వీళ్లూ వచ్చారు. పత్తి చేలల్లో కౌలు బతుకు, తెల్లవాళ్ల మూకహత్యలు వదిలించుకుని వచ్చారు.

ఒకే ఊరు, ఒకే వ్యాపారం, ఇద్దరు మనుషుల కథ చెబుతాను. థియోడర్ కుంట్జ్ అనే వడ్రంగి 1873లో అప్పటి హంగేరీ నుంచి క్లీవ్‌లాండ్ వచ్చాడు. కుట్టుమిషన్లకు చెక్క బల్లలు, పెట్టెలు చేసి పెద్ద ఫ్యాక్టరీ కట్టాడు, తన దేశంవాళ్లను వందల మందిని పనిలో పెట్టుకున్నాడు. గారెట్ మోర్గన్ 1895లో కెంటకీ నుంచి వచ్చాడు. నల్లజాతివాడు, తల్లిదండ్రులు బానిసత్వం చూసినవాళ్లు. అతనూ కుట్టుమిషన్ల రిపేరు నేర్చుకుని 1907లో సొంత షాపు పెట్టాడు. తెలివిలో, కష్టంలో ఎవరికీ తీసిపోడు. పొగలోకి, విషవాయువులోకి వెళ్లేవాళ్లకు ముసుగు కనిపెట్టి 1914లో పేటెంట్ తీసుకున్నాడు. 1916లో ఎరీ సరస్సు కింద సొరంగంలో పేలుడు జరిగితే ఆ ముసుగు వేసుకుని తానే దిగి మనుషుల్ని బయటికి తెచ్చాడు. ట్రాఫిక్ సిగ్నల్‌కు 1923లో పేటెంట్ వచ్చింది. అంతటివాడు దక్షిణాది రాష్ట్రాల్లో ముసుగులు అమ్మడానికి వెళ్తే తన వస్తువు తనదని చెప్పుకోలేకపోయేవాడు. యజమానిలా నటించడానికి ఒక తెల్ల మనిషిని వెంట పెట్టుకోవాల్సి వచ్చేది. నల్లవాడి సరుకని తెలిస్తే కొనరు మరి. కుంట్జ్‌కు తన పేరు, తన యాస దాచుకునే అవసరం రాలేదు. నాకు ఈ రెండు జీవితాలు పక్కపక్కన పెట్టి చూసినప్పుడల్లా బాధేస్తుంది.

ఇప్పుడు అసలు విషయం, ఇల్లు. అమెరికాలో మామూలు కుటుంబానికి ఆస్తి అంటే ఇల్లే. 1930ల్లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఒకటి ప్రతి పెద్ద నగరానికీ మ్యాపులు గీయించి, నల్లజాతివాళ్లున్న పేటలకు ఎర్ర రంగు వేసింది. అంటే అక్కడ అప్పివ్వడం ప్రమాదం అని. గృహరుణాలకు ప్రభుత్వ హామీ ఇచ్చే సంస్థ కూడా అదే దారిలో నడిచింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మాజీ సైనికులకు చవక వడ్డీకి ఇళ్ల అప్పులు వచ్చాయి. మిసిసిపీ నగరాల్లో 1947లో ఇచ్చిన అలాంటి మూడు వేల పైచిలుకు రుణాల్లో నల్లజాతి సైనికులకు దక్కినవి రెండు. రెండు వేలు కాదు, రెండే రెండు!

మా ఆఫీసులో ఇద్దరు సీనియర్లున్నారు. ఒకాయన తాతగారు బకై రోడ్ హంగేరియన్. యుద్ధం తర్వాత బ్యాంకు లోన్ మీద చిన్న ఇల్లు కొన్నారు, 1960ల్లో అది అమ్మి శివారుకు వెళ్లారు. ఆ శివారు ఇంటి మీద తీసిన అప్పుతోనే ఈయన కాలేజీ చదివారు. క్రిస్మస్‌కు ఆయన భార్య చేసి పంపే గసగసాల రొట్టె చుట్ట కోసం మా టీమంతా ఎదురుచూస్తుంది.

రెండో ఆవిడ నల్లజాతి పెద్దావిడ, నాకు పని నేర్పిన మనిషి. వాళ్ల నాన్న అలబామా నుంచి వచ్చి ఫౌండ్రీలో చేరారు, కొలిమి దగ్గర అందరికంటే వేడి తగిలే పని. బ్యాంకు లోన్ ఇవ్వలేదు కాబట్టి 'ల్యాండ్ కాంట్రాక్ట్' మీద ఇల్లు తీసుకున్నారు. ఇది తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ఇంటి ధర అసలు విలువ కంటే బాగా ఎక్కువ. నెలనెలా వాయిదా కట్టాలి. రిపేర్లు, పన్ను అన్నీ కొన్నవాడి మీదే. కానీ చివరి వాయిదా కట్టేదాకా కాగితాలు అమ్మినవాడి పేరు మీదే ఉంటాయి. మధ్యలో వాయిదా తప్పితే ఇల్లూ పోతుంది, అప్పటిదాకా కట్టిందంతా పోతుంది. వాళ్ల నాన్నకు కాలు విరిగి పని ఆగినప్పుడు అదే జరిగింది. ఇల్లు ఖాళీ చేసిన రోజు వాళ్లమ్మ వంటింటి కిటికీకి తాను కుట్టి వేసిన కర్టెన్లు కూడా విప్పి మడతపెట్టి తీసుకుపోయిందని ఆవిడ నాకు చెప్పారు. ఇద్దరి నాన్నలూ తాతలూ ఒళ్లు దాచుకోకుండా పనిచేశారు. ఒక ఇంట్లో ఆ చెమట కాలేజీ ఫీజుగా మారింది, ఇంకో ఇంట్లో వేరేవాడి జేబులోకి పోయింది.

బకై రోడ్ హంగేరియన్లను నేను దుర్మార్గులుగా చూపించదల్చుకోలేదు. 1960ల్లో, 70ల్లో రియల్ ఎస్టేట్ బ్రోకర్లు వాళ్ల తలుపులు తట్టి, నల్లవాళ్లు వచ్చేస్తున్నారు, ఇప్పుడే అమ్ముకోకపోతే మీ ఇంటికి విలువుండదని భయపెట్టారు. ముసలివాళ్లు అయినకాడికి అమ్ముకున్నారు. అవే ఇళ్లు బ్రోకర్లు నల్లజాతి కుటుంబాలకు ఎక్కువ ధరకు అమ్ముకున్నారు. దొంగతనాలు, దాడులు పెరిగి వీధిలో నడవడానికి భయపడిన ముసలివాళ్ల బాధ కూడా నిజమే. అయితే పారిపోవాలనుకున్న హంగేరియన్‌కు వెళ్లడానికి చోటుంది, కొత్తగా వచ్చిన నల్లజాతి కుటుంబానికి లేదు.

ఎందుకు లేదో క్లీవ్‌లాండ్ శివారు ఊరు పార్మా చూస్తే తెలుస్తుంది. ఇక్కడి తెలుగువాళ్లకు పార్మా అంటే శివ విష్ణు ఆలయం. పండక్కి మేమంతా అక్కడికే వెళ్తాం. అదే పార్మాలో 1970లో లక్షకు పైగా జనాభా ఉంటే నల్లజాతివాళ్లు 50 మంది. 1973లో కేంద్ర ప్రభుత్వమే ఆ ఊరి మీద కేసు వేసింది, నల్లజాతివాళ్లు రాకుండా కావాలనే అడ్డుకుంటున్నారని 1980లో ఫెడరల్ కోర్టు తేల్చింది. ఇళ్ల విషయంలో వివక్షను నిషేధించిన 1968 చట్టం తర్వాత కూడా ఇది నడిచింది. ఆ గుడి పార్కింగులో కారు దిగే మనవాళ్లే "వీళ్లకు పని చేసే అలవాటు లేదండీ" అనడం నేను విన్నాను. అందుకే ఇంత పెద్ద జవాబు రాస్తున్నాను.

ఇంకోటి, టైమింగ్. హంగేరియన్ల మనవలు ఆఫీసు ఉద్యోగాల్లోకి వెళ్లాక ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. నల్లజాతివాళ్లకు యూనియన్ జీతాలు, మంచి పోస్టులు అందుతున్న రోజుల్లోనే మూతపడ్డాయి. 1950లో 9 లక్షల 14 వేలున్న క్లీవ్‌లాండ్ జనాభా 2020కి 3 లక్షల 72 వేలు.

ఈ చరిత్ర ఇప్పటి లెక్కల్లో కనిపిస్తుంది. 2022లో తెల్లవాళ్ల కుటుంబాల మధ్యస్థ వార్షిక ఆదాయం సుమారు 81 వేల డాలర్లు, నల్లజాతి కుటుంబాలది సుమారు 53 వేలు. ఆస్తి చూస్తే తెల్లవాళ్లది 2 లక్షల 85 వేలు, నల్లజాతివాళ్లది 45 వేలు. జీతంలో తేడా ఒకటిన్నర రెట్లు, ఆస్తిలో ఆరు రెట్లు. జీతం ఈ తరం కష్టం. ఆస్తిలో తాతల నాటిది కూడా కలిసి ఉంటుంది.

మీరు 'ఆఫ్రికా మూలాలు' అన్నారు కాబట్టి నేరుగా ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్లనూ చూడాలి. అమెరికాలోని నైజీరియా వలసదారుల్లో సగం మందికి పైగా డిగ్రీ చదివినవాళ్లు, దేశ సగటు కంటే చాలా ఎక్కువ. డాక్టర్లు, ఫార్మసిస్టులు, ఇంజినీర్లు మా ఆసుపత్రిలోనే బోలెడుమంది. మా పక్కన కొలంబస్‌లో ఉన్న సోమాలీలు యుద్ధం నుంచి తప్పించుకుని శరణార్థులుగా వచ్చారు, వాళ్ల పరిస్థితి వేరు. ఇద్దరిదీ ఆఫ్రికానే, ఏ దారిన వచ్చారన్నదాన్ని బట్టి ఫలితం మారింది. హంగేరియన్లలోనూ అంతే. 1956 తిరుగుబాటును సోవియట్ ట్యాంకులు అణిచేశాక సుమారు 2 లక్షల మంది దేశం వదిలారు, అమెరికా 35 వేలకు పైగా తీసుకుంది. వాళ్లలో విద్యార్థులు, ఇంజినీర్లు ఎక్కువ. ప్రభుత్వమే విమానాల్లో, ఓడల్లో తెచ్చి, చదువులకూ ఉద్యోగాలకూ సాయం చేసింది. తర్వాత ఇంటెల్‌ను నడిపిన ఆండీ గ్రోవ్ అలా వచ్చినవాడే. మనం కూడా 1965 చట్టం తర్వాత డిగ్రీలతో, ఆ తర్వాత హెచ్-1బీలతో జల్లెడ పట్టి ఎంచుకున్న జనమే. మన సగటు చూపించి ఇంకొకరి కష్టాన్ని కొలవడం న్యాయం కాదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. హంగేరియన్ మనవడు ఐరిష్ అమ్మాయిని చేసుకుంటే వాళ్ల పిల్లలు మామూలు తెల్ల అమెరికన్లు. ఇష్టమైతే హంగేరియన్ అని రాసుకుంటారు, లేకపోతే లేదు. నల్లజాతి పిల్లవాడికి ఆ వెసులుబాటు లేదు. ఎంత చదివినా, ఎంత సంపాదించినా పోలీసు కారు ఆపినప్పుడు అతను నల్లవాడే.

సంస్కృతి, కుటుంబ పెంపకమే కారణం అనేవాళ్లకు నేను చూపించేది 2018లో ఆర్థికవేత్త రాజ్ చెట్టి బృందం చేసిన అధ్యయనం. కోట్ల మంది పిల్లల ఆదాయాలను తల్లిదండ్రుల ఆదాయాలతో కలిపి చూశారు. ఒకే ఆదాయం ఉన్న ఇళ్లలో పెరిగిన నల్ల, తెల్ల అమ్మాయిలను పోలిస్తే పెద్దయ్యాక సంపాదనలో తేడా దాదాపు లేదు. అబ్బాయిల్లో మాత్రం పెద్ద తేడా, డబ్బున్న ఇళ్లలో పెరిగినా సరే. అన్నాచెల్లెళ్లు ఒకే తల్లి వంట తిని, ఒకే ఇంట్లో పెరుగుతారు. ఇంటి సంస్కృతే కారణమైతే చెల్లెలు కూడా వెనకబడాలి కదా. తేడా గడప దాటాక మొదలవుతోంది, స్కూల్లో, వీధిలో, ఉద్యోగమిచ్చేవాడి దగ్గర, కోర్టులో. పేదరికం తక్కువగా ఉండి, తెల్లవాళ్లలో జాతి వివక్ష తక్కువగా ఉండి, నల్లజాతి తండ్రులు ఎక్కువమంది పిల్లల దగ్గరే ఉన్న పేటల్లో ఆ తేడా తగ్గుతుందని కూడా వాళ్లు చూపించారు. పేదరికం తక్కువగా ఉండి, తమ జాతి తండ్రుల్లో సగం మందికి పైగా ఇంట్లోనే ఉన్న పేటల్లో పెరుగుతున్న నల్లజాతి పిల్లలు నూటికి ఐదుగురు కూడా లేరు, తెల్ల పిల్లలు నూటికి అరవై మందికి పైగా ఉన్నారు.