ప్రీ యాంప్‌కి ఎంత, పవర్ యాంప్‌కి ఎంత?

ప్రశ్న: ఇంట్లో పాటలు వినే సెట్‌కోసం కొంత డబ్బు పక్కన పెట్టుకున్నాను. స్పీకర్లు, డాక్ (డిజిటల్ పాటను అనలాగ్ సిగ్నల్‌గా మార్చే పెట్టె) ఉన్నాయి. పాత యాంప్ తీసేసి ప్రీ యాంప్ (వాల్యూమ్, ఇన్‌పుట్లు చూసేది), పవర్ యాంప్ (స్పీకర్లను నడిపేది) విడివిడిగా కొందామనుకుంటున్నాను. చెరిసగం పెట్టమని కొందరు, ప్రీ యాంప్‌కే ఎక్కువ పెట్టమని ఇంకొందరు అంటున్నారు. స్పీకర్ల సెన్సిటివిటీ 87 డెసిబెల్స్, ఇంపెడెన్స్ (కరెంటుకు ఇచ్చే అడ్డు) 8 ఓమ్‌లు. మూడు మీటర్ల దూరంలో కూర్చుని వింటాను. ముందు ముందు టర్న్‌టేబుల్ కొనే ఆలోచన ఉంది. డబ్బు తగ్గితే మిగిలింది వాయిదాల్లో కట్టొచ్చా?

జవాబు: నిష్పత్తితో మొదలుపెట్టకండి, స్పీకర్లతో మొదలుపెట్టండి. పవర్ యాంప్ ఏ స్థాయిది కావాలో మీ స్పీకర్లు, గది, మీరు వినే తీరు తేలుస్తాయి. అది తేలాక ప్రీ యాంప్ చేయాల్సిన పనులేమిటో చూసి, ఆ పనులకే డబ్బు కేటాయించండి. మీరు చెప్పిన వివరాలను బట్టి, మొత్తం 100 అనుకుంటే పవర్ యాంప్‌కి 55, ప్రీ యాంప్‌కి 20, ఫోనో స్టేజ్‌కి (టర్న్‌టేబుల్ బలహీన సిగ్నల్‌ను పెంచేది) 10, కేబుళ్లకు 5 ఇచ్చి, మిగతా 10 చేతిలో ఉంచుకోమంటాను.

ఇక వాట్ల లెక్క. మీ స్పీకర్‌కి 1 వాట్ ఇస్తే మీటరు దూరంలో 87 డెసిబెల్స్ వస్తాయి. మూడు మీటర్లకు సుమారు 9 తగ్గుతుంది. గోడల వల్ల నిజానికి గదిలో అంత తగ్గదు గానీ, కాస్త ఎక్కువే తీసేద్దాం. రెండు స్పీకర్లు కలిసి 3 కలుపుతాయి. అంటే మీ కుర్చీ దగ్గర 81. మీరు సగటున 75 దగ్గర వింటూ, సంగీతంలో ఒక్కసారిగా ఎగసే చోట్ల కోసం మరో 20 ఉంచుకుంటే 95 కావాలి. దానికి ఒక్కో స్పీకర్‌కి 25 వాట్లు చాలు. సగటున 80 దగ్గర వినే అలవాటుంటే 100 కావాలి, అప్పుడు 80 వాట్లు. అలవాటులో 5 డెసిబెల్స్ తేడా వస్తే వాట్లు మూడింతలు దాటాయి! అందుకే కొనే ముందు ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ పెట్టుకుని, పాత యాంప్‌తోనే ఓ వారం పాటు మీరు వినే స్థాయిని రాసుకోండి. ఫోన్ కొలత కాస్త అటూ ఇటూ ఉన్నా ఏ కోవలోకి వస్తారో తెలిసిపోతుంది.

80 నుంచి 100 వాట్ల యాంప్ మీకు సరిపోతుంది. 200కి వెళ్తే అదనంగా వచ్చేది 3 డెసిబెల్సే. ఖర్చు మాత్రం బాగా పెరుగుతుంది, ఎందుకంటే ట్రాన్స్‌ఫార్మర్, హీట్ సింక్, పెద్ద కెపాసిటర్లు, ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లు అన్నీ వాట్లతో పాటు పెరిగేవే. ఆ డబ్బుతో వాట్లు కాకుండా కరెంటు ఇవ్వగల సత్తా కొనండి. 8 ఓమ్‌లు అని రాసిన స్పీకర్ కూడా కొన్ని ఫ్రీక్వెన్సీల దగ్గర 4 దాకా దిగవచ్చు. యాంప్ 8 ఓమ్‌ల దగ్గర 100 వాట్లు, 4 దగ్గర 160 నుంచి 200 ఇస్తుంటే దాని పవర్ సప్లై గట్టిదే. 4 ఓమ్‌ల అంకె అసలు ఇవ్వని యాంప్‌ను వదిలేయండి. శక్తి చాలని యాంప్‌ను గట్టిగా నడిపితే క్లిప్పింగ్ (సిగ్నల్ కొసలు తెగిపోవడం) మొదలవుతుంది, ముందు దెబ్బతినేది పై స్వరాలు పలికే చిన్న స్పీకర్, ట్వీటరే.

ప్రీ యాంప్ దగ్గర లెక్క వేరు. 100 వాట్లంటే 8 ఓమ్‌ల మీద 28 వోల్టులు. పవర్ యాంప్ గెయిన్ (సిగ్నల్‌ను పెంచే మొత్తం) 26 డెసిబెల్స్ అనుకుందాం, అంటే 20 రెట్లు. కాబట్టి దానికి కావాల్సిన సిగ్నల్ 1.4 వోల్టులే. చాలా డాక్‌లు 2 వోల్టులు ఇస్తాయి. అంటే మీ సెట్‌లో ప్రీ యాంప్ పెంచాల్సిందేమీ లేదు! వాల్యూమ్ తగ్గించడం, ఇన్‌పుట్లు మార్చడం, సిగ్నల్‌ను బలహీనపడకుండా పవర్ యాంప్‌కి అందించడం, ఈ మూడే దాని పనులు. చెరిసగం వద్దనడానికి అసలు కారణం ఇదే.

గెయిన్ మరీ ఎక్కువున్న ప్రీ యాంప్ కొంటే నష్టం కూడా ఉంది. వాల్యూమ్ కాస్త తిప్పగానే చెవులు పగిలేంత శబ్దం వస్తుంది. మీరు రోజూ మీట అడుగు భాగంలోనే తిప్పాల్సి వస్తుంది. మామూలు వాల్యూమ్ కంట్రోల్‌లో సరిగ్గా అక్కడే ఎడమ, కుడి చానెళ్లు సమానంగా ఉండవు. గెయిన్ 0 నుంచి 10 డెసిబెల్స్ లోపు ఉన్నది, వీలైతే రిలేలతో (ఎలక్ట్రిక్ స్విచ్‌లతో) మెట్లుమెట్లుగా మారే వాల్యూమ్ ఉన్నది చూడండి. ప్రీ యాంప్ ఔట్‌పుట్ ఇంపెడెన్స్‌కి పవర్ యాంప్ ఇన్‌పుట్ ఇంపెడెన్స్ కనీసం పది రెట్లు ఉండాలి. ట్యూబ్ ప్రీ యాంప్‌లతో ఈ నియమం తప్పితే బాస్ పలచబడుతుంది. కరెంటు అక్కర్లేని పాసివ్ ప్రీ యాంప్ చవక, కానీ 50 కిలో ఓమ్‌ల వాల్యూమ్ పాట్‌కి (తిప్పే కంట్రోల్‌కి) పొడుగు కేబుల్ తగిలిస్తే పై స్వరాలు మందగిస్తాయి. 10 కిలో ఓమ్‌లది తీసుకుని, కేబుల్ మీటరు లోపు ఉంచండి.

డాక్ కలిసి ఉన్న ప్రీ యాంప్‌కి అదనంగా చెల్లించకండి. డిజిటల్ భాగమే ముందుగా పాతబడి, తిరిగి అమ్మేటప్పుడు ధర పడిపోతుంది. ఫోనో స్టేజ్ కూడా విడిగానే తీసుకోండి. మూవింగ్ మ్యాగ్నెట్ రకం కార్ట్రిడ్జ్‌కి (టర్న్‌టేబుల్‌లో ముల్లు ఉండే భాగం) 40 డెసిబెల్స్, తక్కువ ఔట్‌పుట్ మూవింగ్ కాయిల్‌కి 60 దాకా గెయిన్ కావాలి. ఏ కార్ట్రిడ్జో తెలియకుండా ఇప్పుడే కొనడం అనవసరం.

సెకండ్ హ్యాండ్‌లో పవర్ యాంప్ మంచి బేరమే. స్పీకర్లు తీసేసి, ఇన్‌పుట్‌ను షార్ట్ చేసి (దాని రెండు కొసలూ కలిపి), ఔట్‌పుట్ టెర్మినళ్ల దగ్గర మల్టీమీటర్‌తో డీసీ కొలవండి. 50 మిల్లీవోల్టుల లోపుంటే పర్వాలేదు, 100 దాటితే తీసుకోకండి. ఇరవై ఏళ్లు దాటినదైతే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు మార్చాల్సి రావచ్చు. మెకానిక్‌ని అడిగి ఆ ఖర్చును ధరలో కలిపి చూడండి. ఎప్పుడూ ఎక్కువ కరెంటు లాగే క్లాస్ ఏ యాంప్ మీద మనసు పడితే కరెంటు బిల్లునూ లెక్కలోకి తీసుకోండి. 250 వాట్లు లాగే యాంప్ రోజుకు నాలుగు గంటలు నడిస్తే ఏడాదికి 365 యూనిట్లు.

వాయిదాలు మాత్రం వద్దు. కొన్న రోజు నుంచే విలువ తగ్గే వస్తువుకి వడ్డీ కడితే రెండు వైపులా పోతుంది. ఆరు నెలల ఇంటి ఖర్చుకు సరిపడా అత్యవసర నిధి ఉన్నాకే ఈ డబ్బు ముట్టుకోండి. 55 భాగాలకు నేను చెప్పిన పవర్ యాంప్ రాకపోతే విడివిడి ఆలోచన మానేసి ప్రీ, పవర్ రెండూ కలిసిన ఇంటిగ్రేటెడ్ యాంప్ కొనండి. ఒకే పెట్టె, ఒకే పవర్ సప్లై కాబట్టి అదే డబ్బుకి మెరుగైన భాగాలు వస్తాయి.

కొనే వరుస కూడా ముఖ్యమే. మీ డాక్‌లో వాల్యూమ్ ఉంటే ముందు పవర్ యాంప్ ఒక్కటే కొని, నేరుగా కలిపి రెండు నెలలు వినండి. ఆఫ్ చేసి ఆన్ చేసినప్పుడు డాక్ వాల్యూమ్ పూర్తి స్థాయికి వెళ్లిపోతుందేమో ముందే పరీక్షించండి, వెళ్తే ఈ పద్ధతి వద్దు, స్పీకర్లు పోతాయి. పవర్ యాంప్‌ను చివర్లో ఆన్ చేసి, ముందుగా ఆఫ్ చేయండి. ఆ రెండు నెలల్లో ప్రీ యాంప్ లోటు మీకు తెలియకపోతే, ఆ 20 భాగాలు టర్న్‌టేబుల్‌కి మళ్లించండి.