సగం గుడ్లు చచ్చినా తప్పు మీది కాదు

ప్రశ్న: మేడమ్ గారూ, మూడేళ్ల కిందట ఒక పెంపకందారు దగ్గర ఆరు మార్బుల్డ్ న్యూట్ పిల్లలు కొన్నాను. ఈ వసంతంలో తొలిసారి గుడ్లు పెట్టాయి. లెక్కపెడితే 140. రెండు వారాలు తిరక్కుండానే సగానికి సగం చచ్చాయి. నీళ్లు పరీక్ష చేశాను, అమ్మోనియా సున్నా. ఎక్కడ తప్పు చేశాను? (ఎస్., బర్మింగ్‌హామ్)

జవాబు: ఎక్కడా చేయలేదు. 140లో 70 పోతే లెక్క సరిగ్గా ఉన్నట్టే.

న్యూట్ అంటే ఎరగని వాళ్లకు ఒక మాట. చూడ్డానికి బల్లి, చుట్టరికం కప్పతో. ఒంటికి పొలుసులుండవు. మన రెండు రాష్ట్రాల్లో ఒక్కటి కూడా లేదు. ఈ దేశంలో దాని జాతివాళ్లను చూడాలంటే డార్జిలింగ్ కొండలో, ఈశాన్యమో ఎక్కాలి. ఎస్. గారి దగ్గరున్నవాటి సొంతూరు ఫ్రాన్స్, స్పెయిన్, పోర్చుగల్. నల్లటి ఒంటిమీద ఆకుపచ్చ మచ్చలు, ఆడదానికైతే వెన్ను పొడవునా నారింజ గీత.

ఇంగ్లండ్‌లో పరిశోధనకు వెళ్లిన కొత్తలో వీటి దగ్గరి బంధువు క్రెస్టెడ్ న్యూట్ తొట్టెలు నాకు అప్పగించారు. ఆడది ఒక్కో గుడ్డునూ విడిగా ఆకు మీద పెట్టి, వెనక కాళ్లతో ఆ ఆకును కిళ్లీలా మడిచి అతికిస్తుంది. ఆకులు చాలక ప్లాస్టిక్ కవరు పీలికలు కట్టి వేలాడదీస్తే వాటినీ అంతే శ్రద్ధగా మడిచేది, పిచ్చిది. నేను ఆ మడతలు విప్పి భూతద్దం కింద చూసేదాన్ని. ముందు గుండ్రటి పూస, తర్వాత చిక్కుడు గింజ వంపు, ఆ తర్వాత తోక మొలక. అందాకా అన్నీ ఒకటే తీరు. అక్కడికొచ్చేసరికి సగం ఆగిపోయేవి, నాలుగు రోజులకు బూజు. నీళ్లు మార్చాను, తొట్టె కిటికీ దగ్గర్నుంచి జరిపాను, ఆఖరికి చేతులకు క్రీము రాసుకోవడం కూడా మానేశాను. నెల తర్వాత మా గైడు నా నోటుపుస్తకం తిరగేసి పగలబడి నవ్వారు. నవ్వి, 1980లో మెక్‌గ్రెగర్, హార్నర్ అచ్చువేసిన పరిశోధన పత్రం నా చేతిలో పెట్టారు. ఆ నవ్వు మీద నాకిప్పటికీ కోపమే. మొదటి రోజే చెప్పొచ్చు కదా!

సంగతేమిటంటే, ఈ న్యూట్‌ల ఒకటో నంబరు క్రోమోజోము రెండు రకాలు. చెప్పుల జతలో కుడి, ఎడమ అనుకోండి. బతికున్న ప్రతి న్యూట్ దగ్గరా ఒక కుడి, ఒక ఎడమ ఉంటాయి. తల్లి ఒక చెప్పు ఇస్తుంది, తండ్రి ఒకటి ఇస్తాడు. జత కుదిరిన పిల్ల బతుకుతుంది. రెండూ కుడివో, రెండూ ఎడమవో పడ్డది తోక మొలక దశ దాటదు. రెండింట్లో ఒకటి పోవడం ఈ జాతి పుట్టుకలోనే ఉంది. మీరు గంగాజలం పోసినా ఆగదు.

కాబట్టి పోయినవాటిని డ్రాపర్‌తో ఏరెయ్యండి, బూజు పక్క గుడ్లకు పాకకుండా. మిగిలిన 70 మీద మనసు పెట్టండి. పిల్లలకు మెడ పక్కన ఈకల్లాంటి మొప్పలుంటాయి. కప్పకు వెనక కాళ్లు ముందొస్తే వీటికి ముందు కాళ్లు ముందొస్తాయి. కదిలేదే తింటాయి: అప్పుడే గుడ్డులోంచి వచ్చిన ఆర్టీమియా అనే బుల్లి రొయ్యలాంటివి, కాస్త ఎదిగాక డాఫ్నియా అనే నీటి పురుగులు. ఆకలేస్తే పక్కదాని కాలు కొరుకుతాయి. కాలు మళ్లీ మొలుస్తుందనుకోండి, అయినా తొట్టెలో కిక్కిరిసేలా ఉంచకండి. మొప్పలు కుంచించుకుపోవడం కనబడగానే నీళ్లు తగ్గించి, ఎక్కడానికి తడి నాచు పెట్టండి. లేకపోతే నీళ్లలో పుట్టిన ప్రాణి నీళ్లలోనే మునిగి చస్తుంది.

పిల్లలు ఎక్కువయ్యాయని మాత్రం పెరటి చెరువులో వదలొద్దు. అవి ఆ దేశపువి కావు. తొట్టె నీళ్లు కూడా తోటలో పొయ్యకండి, వాటితో జబ్బు పాకొచ్చు. న్యూట్‌ల చుట్టాలైన సాలమాండర్ల చర్మాన్ని తినే ఒక బూజు, 2013లో దానికి పేరు పెట్టారు, నెదర్లాండ్స్‌లో ఫైర్ సాలమాండర్లను దాదాపు తుడిచిపెట్టింది.

ప్రశ్న: మా బడి పిల్లలు తొలకరి గుంటలోంచి తోకకప్పల్ని బకెట్టుతో తెచ్చారు. పాలకూర ఉడికించి వేశాం. రోజు రోజుకీ తగ్గిపోతున్నాయి, శవాలు కూడా కనబడవు. (ఒక ఉపాధ్యాయిని, భీమవరం దగ్గర)

జవాబు: అమ్మా, శవాలు కడుపుల్లో ఉన్నాయి. మీరు తెచ్చినవి బోదురుకప్ప పిల్లలై ఉంటాయి. తొలి వానలకు నిమ్మపండు రంగు తిరిగి గుంటల్లో అరిచే ఆ పెద్ద మగకప్పల సంతానం పాలకూరకు లొంగదు. తోటి తోకకప్పలే దాని భోజనం. అండమాన్‌లోకి ఈ కప్ప చేరి, అక్కడి నీళ్లలోని చిన్న ప్రాణుల్ని కొల్లగొడుతోంది. మన దగ్గరైతే పొలంలో పురుగుల్ని తినే చుట్టం. కప్ప కాళ్ల ఎగుమతిని 1987లో నిషేధించారు, వన్యప్రాణి చట్టం రక్షణ కూడా ఈ కప్పకుంది. అందుకే మిగిలినవాటిని ఈ సాయంత్రమే, తెచ్చిన గుంటలోనే, ఆ బకెట్టు నీళ్లతోనే వదిలేయించండి. రోజూ పావుగంట పిల్లల్నే గుంట దగ్గరికి తీసుకెళ్లండి. ముందు కాళ్లు వచ్చిన రోజుల్లో తోకకప్ప తిండి మానేస్తుంది, తోకే దాని కూడు. అది చూస్తే పిల్లలు ఎగిరి గంతేస్తారు.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఆక్సొలాటిల్ పెంచొచ్చా?

జవాబు: న్యూట్‌లకు చుట్టమే, మెక్సికోలోని సొచిమిల్కో సరస్సు చల్లటి నీళ్ల ప్రాణి అది. 16 నుంచి 18 డిగ్రీలు దానికి హాయి, 24 దాటితే నీరసిస్తుంది. మీ ఇంట్లో మే నెల కుళాయి నీళ్లలో ఓసారి చెయ్యి పెట్టి చూడండి. చిల్లర్ కొని, ఇన్వర్టర్ కూడా పెట్టగలిగితే అప్పుడు మాట్లాడదాం. వన్యప్రాణుల అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందం (సైటిస్) జాబితాలో ఉన్న జీవి కాబట్టి కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు కూడా చేయించాలి. అమ్మేవాడు ఆ సంగతి చెప్పడం లేదంటే అతని దగ్గర కొనకండి.