పాత టీవీ రోజు తలపెట్టిన చిట్టితల్లికి

చిరంజీవి చిట్టితల్లికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

మీ ఊళ్లో హాలు అద్దెకు తీసుకుని, పొద్దుటి నుంచి రాత్రి దాకా పాత బ్రిటిష్ టెలివిజన్ కార్యక్రమాలు ప్రదర్శించబోతున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. మేము ఈ దేశానికి కొత్తగా వచ్చి, ఆసుపత్రి క్వార్టర్స్‌లో హీటరు చుట్టూ మూగి చూసినవాటిని ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లవు వెతికి తీస్తున్నావంటే నాకు గర్వంగా ఉంది. నీ జాబితా చూశాక మాత్రం దిగులు పట్టుకుంది.

హక్కులున్న సంస్థల నుంచి వ్రాతపూర్వకమైన అనుమతి తెచ్చుకో. ఇంట్లో చూసుకోవడానికి కొన్న డీవీడీ హాల్లో ప్రదర్శించడానికి చెల్లదు. ఆనాటి బొమ్మ వెడల్పు, ఎత్తు నాలుగుకు మూడు పాళ్లలో ఉండేది కాబట్టి తెర నిండాలని దాన్ని సాగదీయకు. వచ్చేవాళ్లలో ముసలివాళ్లే ఎక్కువ కనుక విరామాలు దండిగా ఇవ్వు.

1953 ఎలిజబెత్ రాణి పట్టాభిషేకం, 1966 ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు, 1980ల హాస్యం అన్నీ ఒకచోట కుక్కితే అది కదంబమే తప్ప ఆనాటి టీవీలో గడిచిన ఒక రోజు కాదు. నా మాట విని 1968 ఫిబ్రవరి 17, శనివారం తీసుకో. గ్రెనోబుల్ శీతాకాల ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్ స్కీయింగ్ వీరుడు కిల్లీ మూడో స్వర్ణం గెలిచిన రోజది. ఆ కాలపు శనివారమంటే మధ్యాహ్నం బీబీసీ 1లో గ్రాండ్‌స్టాండ్ అనే ఆటల కార్యక్రమం, నాలుగింటికి అవతలి ఛానెల్ ఐటీవీలో కుస్తీలు, తర్వాత ఫుట్‌బాల్ ఫలితాలు, సాయంత్రం మళ్లీ బీబీసీ 1లో డాక్టర్ హూ అనే సైన్స్ కల్పనా ధారావాహిక, అన్నీ అయ్యాక జాతీయగీతం. నల్లబల్ల పక్కన విదూషకుడి బొమ్మతో కూర్చున్న అమ్మాయి టెస్ట్ కార్డును, అంటే కార్యక్రమాలు లేని వేళల్లో తెర మీద నిలిపి ఉంచే బొమ్మను, మాత్రం ఇందులో చేర్చకు. అది 1967 జూలైలో బీబీసీ 2 రంగుల ప్రసారాలతో వచ్చింది, బీబీసీ 1కి 1969 నవంబరు దాకా రంగులే లేవు. 1965లో మనవాళ్ల కోసం మొదలైన 'అప్నా హీ ఘర్ సమఝియే' ఆదివారం పొద్దున వచ్చేది కాబట్టి అదీ ఇక్కడ ఇమడదు. హిందీ, ఉర్దూ సగమే అర్థమైనా కాఫీ కప్పులతో దాని ముందు చేరేవాళ్లం, అది వేరే సంగతి.

ముఖానికి నలుపు పూసుకుని పాడే తెల్లవాళ్ల కార్యక్రమాన్ని జాబితాలో 'సరదా' అన్న శీర్షిక కింద పెట్టావే, కాస్త ఆలోచించావా తల్లీ? అది మొదలవగానే మా వార్డు జమైకా నర్సు లేచి వెళ్లిపోయేది. చూపాలనుకుంటే ఏమిటో, ఎందుకో ముందే చెప్పి చూపు.

ఇక నా అసలు దిగులు. ఆ శనివారం నాటి డాక్టర్ హూ, అంటే 'ద వెబ్ ఆఫ్ ఫియర్' మూడో భాగం, ఎంత వెతికినా నీకు దొరకదు. 1960, 70లలో బీబీసీ వేలాది కార్యక్రమాలను చేజేతులా చెరిపేసింది. రెండంగుళాల వీడియో టేపు ఖరీదైనది కావడంతో దాని మీదే కొత్తవి రికార్డు చేసేవారు. నటుల సంఘాలతో ఉన్న ఒప్పందాల వల్ల పునఃప్రసారాలకు పరిమితులుండేవి. రంగులొచ్చాక నలుపుతెలుపు బొమ్మలు కొనే దేశాలూ తగ్గాయి. ఎవరూ పగబట్టి చేయలేదు. అందరూ పొదుపు చేశామనే అనుకున్నారు. 1978లో గాని ఆ పని ఆగలేదు. చంద్రుడిపై మనిషి కాలు మోపిన రాత్రి బీబీసీ స్టూడియో నుంచి సాగిన ప్రసారంలో కూడా చాలా భాగం ఈనాడు లేదు. ఆరు భాగాల 'ద వెబ్ ఆఫ్ ఫియర్' కథలో ఒక్క మొదటి భాగమే బీబీసీ దగ్గర మిగిలింది. విదేశాలకు అమ్మిన ఫిల్ములు నైజీరియాలోని జోస్ పట్టణంలో బయటపడి, 2013లో మరి నాలుగు భాగాలు ఇల్లు చేరాయి. మూడోది మాత్రం రాలేదు.

అయినా దాని శబ్దం బతికే ఉంది. అప్పట్లో కొందరు కుర్రవాళ్లు టీవీ స్పీకరుకు మైకు ఆనించి, ఇంట్లో ఎవరూ దగ్గకూడదని ఆంక్ష పెట్టి మరీ టేపు చేసుకున్నారు. ఆ భాగాన్ని కొత్తగా బొమ్మలు గీసి నింపిన రూపంలో 2021లో విడుదల చేశారు, కానీ నువ్వు దాన్ని వేయకు. తెరను ఖాళీగా ఉంచి ఆ ఇరవై అయిదు నిమిషాలూ శబ్దం మాత్రమే వినిపించు. జనం విసుక్కుంటారేమోనని భయపడి కోసేయకు. ఏం పోయిందో ఉపన్యాసం చెబితే ఎవరికీ ఎక్కదు, కూర్చుని వింటే ఎక్కుతుంది.

ఎవరైనా అటక మీది పాత రీలు తెస్తే ఆత్రపడి ఏదో ఒక యంత్రంలో పెట్టి తిప్పకు. బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ 1993 నుంచి ఇలా తప్పిపోయినవాటి కోసమే 'మిస్సింగ్ బిలీవ్డ్ వైప్డ్' ప్రదర్శనలు నడుపుతోంది, వాళ్లకు ఉత్తరం రాయి. నీ ఫైళ్లు కూడా రెండు చోట్ల దాచుకో. స్థలం చాలడం లేదని పాతవి తుడిచేసే అలవాటు నీకు చిన్నప్పటి నుంచీ ఉంది. మీ నాన్న ఫోన్‌లోని పెళ్లి ఫోటోలు ఏమయ్యాయో నేను మరిచిపోలేదు.

జాబితా సవరించి, అనుమతి పత్రాల నకళ్లతో సహా నాకు పంపితే చదివి పెడతాను. హాలు అద్దెలో సగం నేను ఇస్తాను, మీ నాన్నను అడగవద్దు. పెద్దమ్మ కూడా వస్తానంటోంది, ఆమెకు వీపు ఆనే కుర్చీ ఒకటి చూసి ఉంచు.

ఇట్లు,
పెదనాన్న