రాత్రి పనికి జాకెట్ రంగు చాలదు, పట్టీ చూడండి

గాజువాక దగ్గర జాతీయ రహదారి 16 మీద రాత్రిపూట గుంతలు పూడ్పిస్తున్నాననీ, జాకెట్ల రంగు బాగానే ఉన్నా మూడు నెలలకే లారీ డ్రైవర్లకు కనిపించడం లేదనీ రాశారు. చిక్కంతా ఆ రంగును నమ్ముకోవడంలోనే ఉందండీ. ఆ మెరిసే పచ్చ, నారింజ రంగులు పగటి వెలుతురులోని అతినీలలోహిత కిరణాలతో పనిచేస్తాయి. చీకట్లో మనిషిని పట్టిచ్చేది జాకెట్ మీది వెండి రంగు పట్టీయే. హెడ్‌లైటు కాంతిని అది వచ్చిన దారినే వెనక్కి పంపుతుంది. తారు అంటినా, బ్రష్షుతో గట్టిగా రుద్దినా ఆ గుణం తగ్గిపోతుంది. విశాఖ ఉక్కపోతకు తరచూ ఉతకక తప్పదు కనుక మనిషికి రెండేసి ఇవ్వండి.

ఈసారి ఐఎస్ 15809 (ఇలా దూరానికి కనిపించే హెచ్చరిక దుస్తులకు భారతీయ ప్రమాణం) అనీ, ఎన్ని ఉతుకులు తట్టుకుంటుందో కూడా లేబుల్ మీద ఉన్నవే కొనండి. పట్టీ 50 మిల్లీమీటర్ల వెడల్పుకు తగ్గకూడదు. పాతవాటిని చీకట్లో వేలాడదీసి, టార్చిని మీ కంటి పక్కనే పట్టుకుని దూరం నుంచి చూడండి. మసకగా ఉన్నదాన్ని ఆ రోజే పక్కన పెట్టండి, దయచేసి మళ్లీ ఎవరికీ ఇవ్వవద్దు.

ప్యాంటుకూ పట్టీలుండాలి. వంగి పనిచేసేవారి కాళ్లు కదిలితేనే అక్కడున్నది మనిషని డ్రైవరుకు తడుతుంది. జాకెట్లు మంచివి వచ్చాయని కోన్లు, హెచ్చరిక దీపాలు మాత్రం తగ్గించకండి.