నార్సింగి చుట్టుపక్కల పరుగుకీ సైకిల్‌కీ ఏ దారులు మంచివి?

కొత్తగా హైదరాబాద్ పడమటి శివారులోని నార్సింగికి మారామనీ, మీరు పరుగు మొదలుపెట్టాలనుకుంటున్నారనీ, మీ ఆవిడ సైకిల్ కొనబోతున్నారనీ రాశారు. ఆఫీసు రోజుల్లో పొద్దున గంట, ఆదివారాలు మూడు గంటలు దొరుకుతాయన్నారు. నేను తొమ్మిదేళ్లుగా పుప్పాలగూడలో ఉంటూ ఇవే రోడ్ల మీద పరుగెత్తుతున్నాను, సైకిల్ తొక్కుతున్నాను. రెండుసార్లు కింద కూడా పడ్డాను. ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

ముందు సైకిల్ సంగతి. ఆ విషయంలో మీకు అదృష్టం ఇంటి పక్కనే ఉంది. ఔటర్ రింగ్ రోడ్డు వెంబడి 2023 అక్టోబరులో తెరిచిన సోలార్ సైకిల్ ట్రాక్ మొత్తం 23 కిలోమీటర్లు. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా 8.5, నార్సింగి నుంచి కొల్లూరు దాకా 14.5. అంటే మీరున్న చోటి నుంచే దాదాపు అన్ని వైపులకూ వెళ్లొచ్చు. ఎక్కువ భాగం సోలార్ పలకల కప్పు కిందే ఉంటుంది కాబట్టి ఏప్రిల్లో ఎనిమిదింటికి కూడా నెత్తి మాడదు, సన్నటి వానకి వెనక్కి తిరగాల్సిన పనీ లేదు. మీ ఆవిడ మొదటి నెల ఈ ట్రాక్ దాటి బయటికి రాకపోయినా నష్టమేమీ లేదు.

అయితే ఒక కిటుకు ఉంది. కొత్తవాళ్లు హుషారుగా కొల్లూరు దాకా వెళ్లిపోతారు, తిరిగి రావడానికి ఇంకో 14.5 ఉందన్న సంగతి అక్కడ గుర్తొస్తుంది. మొత్తం 29 కిలోమీటర్లు. మొదట్లో అరగంట వెళ్లడం, వాచీ చూసుకుని తిరగడం, అంతే. జూన్, జులైలలో పడమటి గాలి గట్టిగా ఉంటుంది, కొల్లూరు వైపు వెళ్లేటప్పుడు ఎదురుగాలి తగులుతుంది, వచ్చేటప్పుడు అదే గాలి ఇంటిదాకా నెట్టుకొస్తుంది. ఆ రెండు నెలలూ అటు వెళ్లడమే నాకిష్టం. పోలీస్ అకాడమీ వైపు వెళ్తే ఈ లెక్క కుదరదు.

ట్రాక్ మీద భద్రంగా ఉన్నాం కదా అని రోడ్లు కలిసే చోట్ల ఏమరుపాటు వద్దు. సర్వీస్ రోడ్డు మీద తప్పు దిక్కులో వచ్చే బైకులు అక్కడే ఎదురవుతాయి. ఇక ఔటర్ అసలు రోడ్డు మీదికి సైకిళ్లకి అనుమతి లేదు. ఎవరో ఎక్కారని చూసి మీరు ఎక్కకండి.

ఆ ట్రాక్ మీదే పరుగెత్తొచ్చు కదా అంటారేమో. పరుగెత్తేవాళ్లు ఉన్నారు. నేనైతే వద్దంటాను. మొత్తం వెడల్పు 4.5 మీటర్లు, మూడు వరుసలు. చెవుల్లో పాటలు పెట్టుకుని ముగ్గురు పక్కపక్కన పరుగెత్తుతుంటే వెనక నుంచి పాతిక వేగంతో వచ్చే సైకిల్ బెల్లు ఎవరికీ వినపడదు. నేను మొదటిసారి పడింది ఇలాగే, ఆ రోజు సైకిల్ మీదున్నది నేనే.

పరుగుకి మామూలు రోజుల్లో దూరం వెళ్లకండి. కారులో పావుగంట వెళ్లి అరగంట పరుగెత్తి మళ్లీ పావుగంట వెనక్కి రావడం రెండు వారాలకే విసుగు పుట్టిస్తుంది. నేను అలా గచ్చిబౌలి స్టేడియానికి వెళ్లి మూడో వారంలో మానేశాను. మీ కాలనీ లోపలి రోడ్లనే కలుపుతూ రెండు కిలోమీటర్ల చుట్టు ఒకటి తయారు చేసుకోండి. చూడ్డానికి ఏమీ ఉండదు, నిజమే. కానీ చినుకులు పడినా, మోకాలు పట్టేసినా ఐదు నిమిషాల్లో ఇంట్లో ఉంటారు. రోజూ అదే చోట కనపడితే కుక్కలు కూడా వారంలో గుర్తుపడతాయి. అరిచే కుక్క ఎదురైతే పరుగు ఆపి నడవండి. సైకిల్ మీదుంటే దిగి సైకిల్‌ని మీకూ దానికీ మధ్య అడ్డం పెట్టండి. తొక్కి తప్పించుకుందామనుకుంటే అది ఇంకా వెంటపడుతుంది.

ఆదివారం కోకాపేటలో నియోపోలిస్ అనే కొత్త లేఅవుట్ రోడ్లకి వెళ్లండి. వేలంలో ఎకరం వంద కోట్లు దాటి పలికిన భూముల పక్కన ఉచితంగా పరుగెత్తడంలో ఒక ఆనందం ఉంది! విశాలమైన రోడ్లు, ఎత్తుపల్లాలు. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌కి వెళ్లే ఆలోచన ఉంటే ఈ ఎత్తులు బాగా పనికొస్తాయి, ఆ దారిలో ఫ్లైఓవర్లు తొడలని పిండేస్తాయి. మామూలు రోజుల్లో మాత్రం అక్కడికి వద్దు. టిప్పర్లు, రెడీమిక్స్ కాంక్రీటు లారీలు తిరుగుతాయి, వాటి నుంచి జారిన కంకర మలుపుల దగ్గర పరుచుకుని ఉంటుంది. రెండోసారి నేను పడింది ఆ కంకర మీదే, మోచేతి మీద మచ్చ ఇంకా ఉంది.

మీ ఆవిడకి ట్రాక్ అలవాటయ్యాక ఇద్దరూ గండిపేట వైపు వెళ్లిరండి. మూసీ వరదలు 1908లో ఊరిని ముంచెత్తిన తర్వాత కట్టిన చెరువు అది, ఉస్మాన్ సాగర్ అసలు పేరు. వానాకాలం చివర్లో నిండుగా ఉన్నప్పుడు చూడాలి. అయితే సూర్యోదయం చూసి తీరిగ్గా బయల్దేరితే తూర్పుకి తిరిగి వస్తారు, ఎండ సూటిగా కళ్లలో కొడుతుంది. మీ వెనక కారు నడిపేవాడి కళ్లలోనూ కొడుతుంది, అతనికి మీరు కనపడరు. అందుకే నేను చీకటి ఉండగానే వెనక లైటు వేసుకుని వెళ్లి, ఎండ రాకముందే ఇంటికి చేరతాను. గండిపేట దాటి ఫామ్‌హౌస్‌ల వైపు శనివారం రాత్రి పార్టీలు చేసుకున్నవాళ్లు ఆదివారం తెల్లవారుజామున తిరిగొస్తుంటారు. అందుకని అటు శనివారం పొద్దున వెళ్లడం మేలు.

చేవెళ్ల మర్రిచెట్ల రోడ్డు గురించి కూడా ఎవరో ఒకరు చెబుతారు. అందమైన దారే, కాదనను. కానీ లారీలు, బస్సులు ఎక్కువ, పక్కకి తప్పుకునే చోటు తక్కువ. కొత్తగా సైకిల్ పట్టినవాళ్లని అటు పంపను.

మా ఆవిడ ఒంటరిగా పరుగెత్తాలంటే కొండాపూర్ బొటానికల్ గార్డెన్‌కే వెళ్తుంది. చెట్ల నీడ, మట్టి దారి, చుట్టూ మనుషులు. అక్కడ పరిచయమైన ఆడవాళ్లు నలుగురు కలిసి వెళ్తారు. దూరమే అయినా తనకి అదే ధైర్యం, నేను వాదించను.

మర్చిపోయాను, సైకిల్ కొనేటప్పుడు వాల్వు చూసుకోండి. సన్నటి ప్రెస్టా వాల్వు అయితే మన పంక్చర్ షాపుల పంపు దానికి పట్టదు. యాభయ్యో వందో పెట్టి చిన్న ఇత్తడి అడాప్టర్ కొని సీటు కింది సంచీలో పడేయండి. కొల్లూరు దగ్గర ఆదివారం ఆరున్నరకి గాలిపోతే, షాపు తెరిచేది తొమ్మిదింటికి. ఒక స్పేర్ ట్యూబు, చేతి పంపు కూడా అందులోనే ఉండాలి.