సేమ్యా ముద్దలో వరసలు వెతకకు

బుజ్జమ్మా,

ప్రాజెక్టుకి అమార్ఫస్ పాలిమర్లు (పొడవాటి గొలుసుల్లాంటి అణువులు వరస లేకుండా సేమ్యా ముద్దలా కలిసిపోయిన ప్లాస్టిక్‌లు) తీసుకున్నానన్నావు కదా, ఒక మాట ముందే చెప్పాలి. వెంటనే మైక్రోస్కోప్ దగ్గరికి పరిగెత్తకు. నేనలాగే పాలిస్టైరీన్ పొరని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో పెట్టి, ఫోటోలో గింజల్లా కనిపిస్తే గొలుసులు కట్టలు కట్టుకున్నాయని ఆర్నెల్లు నమ్మాను, తీరా చూస్తే ఫోకస్ కాస్త తప్పడం వల్ల వచ్చిన మచ్చలవి. ఫోకస్ మారిస్తే గింజ సైజు కూడా మారుతోందా అని నువ్వు మొదటి రోజే చూసుకో.

ముందు ఇంట్లో ఒకటి చెయ్యి. బీచ్‌కి పెట్టుకెళ్ళే పోలరైజ్డ్ కళ్ళద్దాలు పెట్టుకో, ఎల్‌సీడీ ల్యాప్‌టాప్‌లో తెల్ల స్క్రీన్ తెరువు, అది నల్లబడేదాకా తల పక్కకి వంచి, మధ్యలో గాజులా ఉండే ప్లాస్టిక్ స్కేలు పట్టుకో. ఎన్ని రంగులో! అచ్చులోకి కరిగిన ప్లాస్టిక్ దూరిన గేటు దగ్గర చారలు మరీ ఒత్తుగా ఉంటాయి, ఎందుకంటే అక్కడ సాగిన గొలుసులు సర్దుకునేలోపే చల్లారి బిగుసుకుపోయాయి. స్కేలు పాలిస్టైరీన్‌దైతే ల్యాబ్ ఓవెన్‌లో 100 డిగ్రీలు దాటించి నెమ్మదిగా చల్లార్చు. స్కేలు వంకర పోతుంది, రంగులు చాలావరకు పోతాయి. గొలుసు మళ్ళీ చుట్టుకుపోయిందన్నమాట.

ఈ చుట్టల సంగతి పాలిమర్ శాస్త్రవేత్త ఫ్లోరీ 1949లోనే చెప్పారు. చాలామంది ఒప్పుకోలేదు. 1970ల్లో కొన్ని గొలుసుల్లో హైడ్రోజన్ బదులు డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) పెట్టి, న్యూట్రాన్లతో చూస్తే ఆయన అన్నట్టే ఉంది: గొలుసు నాలుగు రెట్లు పొడవైనా చుట్ట సైజు రెండు రెట్లే. ఒక చుట్టలోకి ఇంకో చుట్ట, అందులోకి మరోటి దూరి ఉంటాయి. ఫిషింగ్ హార్బర్‌లో కుప్పపోసిన వలల్లో ఒక్క దారం లాగి చూడు, కుప్పంతా కదులుతుంది (దారం నైలాన్, అది కొంత స్ఫటికమే, ఆ సంగతి వదిలెయ్). చిక్కు అంటే అదే, పొడవైన గొలుసుల ప్లాస్టిక్‌కి బలం అక్కణ్ణుంచే వస్తుంది.

ఎక్స్‌రేలో సూదుల్లాంటి శిఖరాలు రాలేదని టెన్షన్ పడకు, అవి వరసగా పేర్చుకున్న స్ఫటికాలకే వస్తాయి, దీనికి వెడల్పాటి మూపురమే రావాలి. డీఎస్‌సీలో (శాంపిల్ వేడెక్కుతూ ఎంత వేడి పీల్చుకుంటుందో కొలిచే పరికరం) కూడా గాజులా గట్టిగా ఉన్న ప్లాస్టిక్ మెత్తబడే చోట వచ్చే మెట్టు కోసం చూడు, అదీ రెండోసారి వేడిచేసిన గ్రాఫ్‌లోనే. మొదటిదాంట్లో శాంపిల్ ఎలా చల్లారిందో ఆ చరిత్రంతా కలిసిపోయి ఉంటుంది. మన వైజాగ్ తేమతో మరీ జాగ్రత్త. పీఎంఎంఏ (యాక్రిలిక్ ప్లాస్టిక్) నీరు పీల్చుకుంటే మెట్టు తక్కువ ఉష్ణోగ్రతకి దిగిపోతుంది, వాక్యూమ్ ఓవెన్‌లో ఆరబెట్టాకే తూచు.

ఆదివారం రా, పోలరైజర్ షీట్లు రెండు తీసి పెట్టాను. స్కేలు మటుకు నువ్వే తెచ్చుకో.

మీ పెద్దమ్మ